అమ్మానాన్నల ఇన్సూరెన్స్ ప్రీమియం భారమైంది, ఆపేసి ఆ డబ్బు ఎఫ్‌డీలో వేయవచ్చా?

మీ ప్రశ్న పొడవుగా ఉంది కాబట్టి నాకు అర్థమైంది ముందు క్లుప్తంగా చెప్తాను. మీరు బెంగళూరు మారతహళ్ళిలో ఉంటూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నారు. అమ్మానాన్నలు మదనపల్లెలో ఉంటారు. నాన్నగారికి 68 ఏళ్ళు, షుగరూ బీపీ ఉన్నాయి. అమ్మగారికి 63. ఇద్దరికీ కలిపి 5 లక్షల ఫ్లోటర్ పాలసీ ఆరేళ్ళ కిందట తీసుకున్నారు, ఇంతవరకూ ఒక్క క్లెయిమ్ పెట్టలేదు. నిరుడు జీఎస్టీతో కలిపి 47,200 కట్టారు. ఈసారి జీఎస్టీ ఎత్తేశారు కదా, బాగా తగ్గుతుందనుకుంటే 43,800 కట్టమని నోటీసు వచ్చింది. ఇటు ఆఫీసులోనేమో అమ్మానాన్నల కవర్ కావాలంటే ఇకమీదట జీతంలోంచి కోస్తామన్నారు. "ఆరేళ్ళు కట్టిందంతా బూడిదలో పోసినట్టయింది, పాలసీ ఆపేసి ఏటా ఆ డబ్బు ఎఫ్‌డీలో వేసుకుంటే పోలేదా" అని అడిగారు.

ఆపకండి. కోపంలో ఉన్నప్పుడు అసలే ఆపకండి. భారం తగ్గించుకునే దారులున్నాయి, కానీ ఏ దారి పట్టినా పాత పాలసీని చేతిలో ఉంచుకునే పట్టాలి.

బన్నేరుఘట్ట రోడ్డులో ఒక ప్రైవేటు ఆస్పత్రి ఇన్సూరెన్స్ డెస్క్‌లో 14 ఏళ్ళు కూర్చున్నాను. తర్వాత ఐదేళ్ళు ఒక టీపీఏలో, అంటే ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున క్లెయిమ్ కాగితాలు చూసే సంస్థలో పనిచేశాను. బిల్లు వేసేవాళ్ళనూ చూశాను, బిల్లు కోసేవాళ్ళనూ చూశాను. కింద రాసేదంతా అక్కడ నేర్చుకున్నదే.

ముందు మీ నోటీసు సంగతి. వ్యక్తిగత ఆరోగ్య బీమా మీద 18 శాతం జీఎస్టీని 2025 సెప్టెంబర్ 22 నుంచి పూర్తిగా తీసేశారు. నిరుడు మీరు కట్టిన 47,200లో అసలు ప్రీమియం 40,000, పన్ను 7,200. పన్ను పోయింది కాబట్టి ప్రీమియం మారకపోతే ఈసారి మీకు రావలసింది 40,000 నోటీసే. వచ్చింది 43,800. అంటే తగ్గినట్టు కనిపిస్తోంది గానీ అసలు ప్రీమియం తొమ్మిదిన్నర శాతం పెరిగింది. 60 దాటినవాళ్ళ ప్రీమియం ఏడాదిలో 10 శాతానికి మించి పెంచాలంటే ముందు తమతో సంప్రదించాలని 2025 జనవరిలో ఇన్సూరెన్స్ నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ కంపెనీలను ఆదేశించింది. మీ పెంపు ఆ గీతకు కాస్త ఇవతలే ఆగింది. పన్ను ఎత్తేయడంతో కంపెనీలు తాము కట్టే పన్నులను ఇదివరకటిలా సర్దుబాటు చేసుకునే వీలు కూడా పోయింది, ఆ బరువు ఎక్కడో ఒకచోట తేలాలి. వచ్చే ఏడు కూడా పెరుగుతుందనే లెక్క వేసుకోండి. ఏటా 10 శాతం పెరిగితే ఏడెనిమిదేళ్ళలో రెట్టింపవుతుంది. ఈ నిజం తెలిసి కూడా ఆపవద్దంటున్నాను.

ఎందుకంటే మీరు ఆరేళ్ళుగా కట్టింది బూడిదలో పోయలేదు. పాలసీ కొత్తగా తీసుకున్నవాళ్ళకు అంతకుముందే ఉన్న జబ్బులకు కొంతకాలం కవర్ ఉండదు. ఆ వెయిటింగ్ పీరియడ్ ఇదివరకు నాలుగేళ్ళ దాకా ఉండేది, 2024 ఏప్రిల్ నుంచి గరిష్ఠంగా మూడేళ్ళు చేశారు. మీ నాన్నగారు అది దాటేశారు. అంతకన్నా పెద్ద విషయం మారటోరియం. పాలసీ తెగకుండా ఐదేళ్ళు నడిస్తే, "మీరు ఫలానా జబ్బు దాచారు" అనే కారణంతో కంపెనీ క్లెయిమ్ కొట్టేయడానికి వీల్లేదు, మోసాన్ని రుజువు చేస్తే తప్ప. ఇది కూడా 2024కు ముందు ఎనిమిదేళ్ళు ఉండేది. మీకు ఆరేళ్ళు నిండాయి. క్లెయిమ్ పెట్టారనో వయసు పెరిగిందనో రెన్యువల్ నిరాకరించడానికి వీల్లేదు. క్లెయిమ్ పెట్టినందుకు మీ ఒక్కరికే ప్రీమియం పెంచడానికీ వీల్లేదు. ఇవన్నీ మీ సొత్తు. పాలసీ ఆపిన రోజున ఇవన్నీ పోతాయి.

రేపు మళ్ళీ కావాలంటే 70 ఏళ్ళ మనిషికి, షుగరూ బీపీ ఉన్న మనిషికి, కొత్త పాలసీ ఇస్తారా అన్నది కంపెనీ ఇష్టం. 65 ఏళ్ళ దాకా పాలసీలు అమ్మితే చాలన్న వయసు గీతను 2024లో తీసేశారు, నిజమే. కానీ అందరి వయసుకూ పాలసీ ఉండాలన్నదే ఆ నిబంధన, ప్రతి ఒక్కరికీ ఇచ్చి తీరాలని కాదు. డాక్టర్ రిపోర్టులు చూసి కాదనవచ్చు. ఇచ్చినా మళ్ళీ మూడేళ్ళ నిరీక్షణ.

ఎఫ్‌డీ లెక్క కూడా వేద్దాం. ఏటా 43,800 చొప్పున ఐదేళ్ళు వేస్తే 2,19,000, దాని మీద వడ్డీ. మొదటి ఏడే నాన్నగారికి ఛాతీలో నొప్పి వస్తే చేతిలో ఉండేది 43,800. ఆ డబ్బుతో బెంగళూరు ప్రైవేటు ఐసీయూలో ఎన్ని రోజులు గడుస్తాయో మీరే చెప్పండి. ఎఫ్‌డీ ఉండాలి, తప్పకుండా ఉండాలి. దాని పని వేరు, తర్వాత చెప్తాను.

జబ్బు దాచడం గురించి ఇక్కడే ఒక మాట. 2016లో మా బావగారికి గుండె ఆపరేషన్ అయింది. ఆయన పాలసీ అప్పటికి మూడేళ్ళది. ఏజెంట్ ఫారం తనే నింపాడు. "షుగరుందని రాస్తే కంపెనీవాళ్ళు ఒప్పుకోరు, మీరు ఊరికే సంతకం పెట్టండి" అన్నాడట. 2,80,000 బిల్లు. క్లెయిమ్ తిరస్కరిస్తూ రెండు వాక్యాల ఉత్తరం వచ్చింది. దానికి ఆధారం ఏమిటో తెలుసా? అర్ధరాత్రి అడ్మిషన్ సమయంలో డ్యూటీ డాక్టర్ రాసుకున్న కేస్ షీట్. "షుగర్ ఎన్నాళ్ళనుంచి ఉందమ్మా?" అని ఆయన అడిగితే, టెన్షన్‌లో ఉన్న మా అక్క "చానా ఏళ్ళుగా ఉంది సార్, ఒక పదేళ్ళు" అంది. నిజానికి అది బయటపడి నాలుగేళ్ళే. ఆయన పది అని రాశారు. ఆ ఒక్క అంకె మీద క్లెయిమ్ పోయింది. నాలుగేళ్ళని చెప్పినా పాలసీకి ముందున్నదే కాబట్టి చిక్కు తప్పేది కాదు, కానీ పోరాడటానికి కాస్త చోటుండేది. అక్క నగలు బ్యాంకులో పెట్టింది, విడిపించడానికి రెండేళ్ళు పట్టింది. రోజంతా ఇవే కాగితాలు చూసే నేను ఇంట్లో మనిషి ఫారం ఒక్కసారి అడిగి చూడలేదు. ఇప్పటికీ అది నన్ను వదలదు.

అందుకే అడుగుతున్నాను. ఆరేళ్ళ కిందట ఫారంలో నాన్నగారి షుగర్, బీపీ రాశారా? పాలసీ తర్వాత వచ్చిన జబ్బులైతే పేచీయే లేదు. అంతకుముందే ఉండి రాయకపోయుంటే, ఐదేళ్ళు దాటిన పాలసీ మీకు ఎంత విలువైనదో ఇప్పుడు మరింత తెలిసి ఉంటుంది. మరో కంపెనీకి మారేటప్పుడు మాత్రం కొత్త ఫారంలో ఉన్నదున్నట్టు రాయండి. నాన్నగారికి షుగర్ మొదటిసారి బయటపడిన రోజు మందుల చీటీ వెతికి, ఫోటో తీసి మీ ఫోన్‌లోనూ అమ్మగారి ఫోన్‌లోనూ పెట్టండి. ఆస్పత్రిలో ఎవరడిగినా ఆ తేదీ చూసి చెప్పండి, ఉజ్జాయింపుగా చెప్పొద్దు.

ఇక మీ పాలసీలో ముందు చూడాల్సింది ప్రీమియం కాదు, గది అద్దె పరిమితి. ఇది అర్థం కావాలంటే ఒక కుటుంబం కథ చెప్పాలి.

హిందూపురం దగ్గరి పల్లె నుంచి వచ్చిన తండ్రీ కొడుకులు. తండ్రికి ఆపరేషన్, ఆరు రోజులు ఆస్పత్రిలో ఉన్నారు. 5 లక్షల పాలసీ. గది అద్దె రోజుకు పాలసీ మొత్తంలో 1 శాతం వరకే, అంటే 5,000. అడ్మిషన్ రోజున 5,000 గదులు ఖాళీ లేవు, 10,000 గది ఉందన్నారు. నాన్న నలుగురి మధ్య పడుకోలేడని కొడుకు ఒప్పుకున్నాడు. "మిగతా ఐదు వేలు మేం కట్టుకుంటాం" అనుకున్నాడు. డిశ్చార్జ్ రోజు సాయంత్రం మొత్తం బిల్లు 4,20,000. ఇన్సూరెన్స్ నుంచి వచ్చింది 2,66,000. లిఫ్టు పక్కన నేల మీద బిల్లు కాగితాలు పరుచుకొని, ఫోన్‌లో మళ్ళీ మళ్ళీ కూడుతున్నాడు ఆ అబ్బాయి. నన్ను చూసి లేచి, "మేడమ్, ఆరు రోజులకు ముప్పై వేలే కద మేడమ్ తేడా, లక్షా యాభై నాలుగు వేలు ఎట్లయితాది?" అన్నాడు.

ఎట్లా అయిందంటే, పరిమితికి మించిన గది తీసుకుంటే గది అద్దె ఒక్కటే కోయరు. గదితో ముడిపడిన ఖర్చులన్నీ అదే నిష్పత్తిలో కోస్తారు. సర్జన్ ఫీజు, మత్తు డాక్టర్ ఫీజు, ఆపరేషన్ థియేటర్ చార్జీ, నర్సింగ్, డాక్టర్ రౌండ్లు. పదివేల గదికి ఐదు వేలే అర్హత కాబట్టి ఇవన్నీ సగమే. అతని బిల్లులో గది 60,000, అందులో 30,000 వచ్చింది. ఈ ఫీజులన్నీ కలిపి 2,20,000, అందులో 1,10,000 వచ్చింది. మందులు, పరీక్షలు, ఇంప్లాంట్లు 1,40,000. వీటిని నిష్పత్తిలో కోయకూడదన్న నిబంధన 2020లో వచ్చింది కాబట్టి అవి బతికాయి, అయితే గ్లౌజులూ మాస్కుల్లాంటి చెల్లించని వస్తువుల కింద 14,000 పోయి 1,26,000 వచ్చింది. పైగా చాలా ఆస్పత్రుల్లో గది స్థాయిని బట్టి సర్జన్ ఫీజే మారుతుంది. అదే ఆపరేషన్, అదే డాక్టర్, అదే థియేటర్. అతను 5,000 గదిలో ఉండి ఉంటే అసలు బిల్లే తక్కువ వచ్చేది.

ఆ లెక్క అతనికి వివరించి చెప్పేసరికి రాత్రి తొమ్మిదైంది. అడ్మిషన్ రోజున రెండు నిమిషాలు ఎవరైనా చెప్పి ఉంటే సరిపోయేది. ఎవరూ చెప్పలేదు. ఆస్పత్రిలో ఆ మాట చెప్పడం ఎవరి ఉద్యోగమూ కాదు. నాది కూడా అప్పటికి కాదు. ఆ తర్వాత నుంచి నా డెస్క్ దగ్గరికి వచ్చిన ప్రతివాళ్ళకూ గది ఇచ్చేలోపే ఈ మాట చెప్పడం మొదలుపెట్టాను. గదుల్లేవంటే, పై గది ఇచ్చినా తక్కువ గది రేటుకే బిల్లు వేస్తామని రాసివ్వమని అడగండి, కొన్నిచోట్ల ఇస్తారు. ఇవ్వకపోతే, అత్యవసరం కానప్పుడు, ఒకరోజు ఆగడమే మేలు. ఐసీయూ చార్జీల మీద ఈ నిష్పత్తి కోత వేయకూడదు, అది కూడా గుర్తుపెట్టుకోండి.

కాబట్టి మీ పాలసీలో "రూమ్ రెంట్" అన్న మాట ఎక్కడుందో చూడండి. 1 శాతం అని ఉంటే, ఈ బెంగళూరులో అది ఇప్పుడు చాలదు. ఆ ఒక్క కారణానికైనా పాలసీ మార్చుకోవడం న్యాయమే. "సింగిల్ ప్రైవేట్ రూమ్" అని ఉంటే ప్రీమియం కాస్త ఎక్కువైనా దాన్ని వదలకండి. ఆరేళ్ళు క్లెయిమ్ లేదు కాబట్టి బోనస్ చేరి ఉండవచ్చు, పాలసీ షెడ్యూల్‌లో 5 లక్షల పక్కన ఇంకో అంకె ఉందేమో అదీ చూడండి.

ఖర్చులు ఎందుకింతగా పెరుగుతున్నాయని మీరు బాధతో అడిగారు. నాకు తెలిసినంతలో పెద్ద కారణం ఇది. ఇన్సూరెన్స్ కంపెనీల మీద ఐఆర్‌డీఏఐ ఉంది. ఆస్పత్రి రేట్ల మీద అలాంటి పెద్దదిక్కు ఎవరూ లేరు. కర్ణాటకలో ప్రైవేటు ఆస్పత్రుల చట్టం 2007 నుంచే ఉంది. 2017లో దాన్ని సవరించి రేట్లకు కళ్ళెం వేయాలని ప్రభుత్వం చూసింది. ఆ నవంబరులో ప్రైవేటు డాక్టర్లు సమ్మె చేశారు, ఓపీలు మూసేశారు, చివరికి రేట్ల నియంత్రణ ప్రభుత్వ పథకాల కింద చేసే చికిత్సలకే పరిమితమైంది. అదే ఏడాది ఫిబ్రవరిలో మాత్రం కేంద్రం గుండె స్టెంట్ల ధర కట్టడి చేసింది. మందు పూత ఉన్న స్టెంట్ అప్పటిదాకా లక్ష పైన కూడా అమ్మేవారు, ఒక్కసారిగా 29,600 చేశారు. తర్వాత ఆ ధర కొంత సవరించారు గానీ పాత రోజులు మళ్ళీ రాలేదు. ఆ వారం మా డెస్క్‌లో ఎస్టిమేట్లన్నీ తిరగరాశాం. ధరను అదుపు చేయవచ్చని ఆ వారం కళ్ళారా చూశాను. కాబట్టి "వైద్యం ఖర్చు పెరగక తప్పదు" అని ఎవరన్నా నేను ఒప్పుకోను. స్టెంట్‌కి చేయగలిగినది గదికీ, థియేటర్ చార్జీకీ, పరీక్షలకూ చేయలేదు, అంతే. ఆ పెంపంతా తిరిగి తిరిగి మీ ప్రీమియం నోటీసులోకి వస్తోంది.

సరే, మీరు చేయగలిగిన వాటికి వద్దాం.

పాత 5 లక్షల పాలసీ అలాగే ఉంచి, దాని మీద సూపర్ టాప్-అప్ తీసుకోవడం నా మొదటి సలహా. మొదటి 5 లక్షలు పాత పాలసీ భరిస్తుంది, ఆపైన ఖర్చు సూపర్ టాప్-అప్ భరిస్తుంది. అంత పైనుంచి మొదలవుతుంది కాబట్టి దీని ప్రీమియం మామూలు పాలసీతో పోలిస్తే చాలా తక్కువ. ఉత్త టాప్-అప్ తీసుకోవద్దు. అది ఒక్కొక్క క్లెయిమ్‌ను విడిగా చూస్తుంది, ఏడాదిలో 3 లక్షల చొప్పున రెండుసార్లు ఖర్చయితే పైసా రాదు. సూపర్ టాప్-అప్ ఏడాది మొత్తాన్ని కలిపి చూస్తుంది. ఒక చిక్కుంది, దాచను: ఇది కొత్త పాలసీ కాబట్టి నాన్నగారి షుగర్, బీపీలకు దీనిలో వెయిటింగ్ పీరియడ్ మళ్ళీ మొదలవుతుంది, వయసును బట్టి పరీక్షలు చేయించమంటారు, వద్దనవచ్చు కూడా. అందుకే ఈ ఏడే మొదలుపెట్టాలి, వచ్చే ఏడు కాదు.

ప్రీమియం తగ్గించడానికి కంపెనీవాళ్ళు రెండు రకాల షరతులు ముందు పెడతారు. కో-పే ఒకటి, డిడక్టబుల్ ఒకటి. కో-పే 20 శాతం అంటే ప్రతి బిల్లులో ఐదో వంతు మీది. డిడక్టబుల్ 50,000 అంటే ఏడాదిలో మొదటి 50,000 మీది, ఆపైన వాళ్ళది. నన్నడిగితే డిడక్టబుల్ వైపే మొగ్గుతాను. కో-పే బిల్లుతోపాటు పెరుగుతుంది, 8 లక్షల బిల్లుకు లక్షా అరవై వేలు అవుతుంది. డిడక్టబుల్ ముందే తెలిసిన అంకె. మీ ఎఫ్‌డీకి పని ఇక్కడుంది. తగ్గిన ప్రీమియం అక్కడ వేసి, ఆ 50,000 ఎప్పుడూ కదలకుండా ఉంచండి. గ్లౌజుల కోతలకూ, డిశ్చార్జ్ రోజు చేతి ఖర్చుకూ అదే పనికొస్తుంది.

మదనపల్లె విషయంలో ఒక జాగ్రత్త. చాలా కంపెనీలు ఊరిని బట్టి జోన్లు పెట్టి ప్రీమియం వేస్తాయి. చిన్న ఊళ్ళకు తక్కువ, బెంగళూరు లాంటి చోట ఎక్కువ. చిన్న జోన్ ప్రీమియం కట్టి పెద్ద జోన్‌లో చికిత్స చేయించుకుంటే కొన్ని పాలసీల్లో బిల్లులో కొంత శాతం కోస్తారు. అమ్మానాన్నలకు పెద్ద జబ్బు చేస్తే మీరు బెంగళూరుకే తీసుకొస్తారు కదా. మరి పాలసీ ఏ జోన్‌లో ఉందో, ఇక్కడ చేయించుకుంటే కోత ఉందో లేదో కస్టమర్ కేర్‌కి మెయిల్ రాసి, జవాబు మెయిల్‌లోనే తెప్పించుకోండి. ఫోన్‌లో చెప్పిన మాట క్లెయిమ్ రోజున ఎవరికీ గుర్తుండదు.

కంపెనీ మారాలనుకుంటే పోర్టబిలిటీ ఉంది. పాత పాలసీలో గడిచిన కాలమంతా కొత్త చోట లెక్కలోకి వస్తుంది, పాత 5 లక్షల వరకు. రెన్యువల్ తేదీకి కనీసం 45 రోజుల ముందు దరఖాస్తు పెట్టాలి. కొత్త కంపెనీ ఒప్పుకున్నట్టు కాగితం చేతికొచ్చేదాకా పాతదాన్ని వదలొద్దు. వాళ్ళు కాదంటే గడువులోపే పాతచోట కట్టేయండి. గడువు దాటాక 30 రోజుల వెసులుబాటు ఉంటుంది, ఆలోపు కడితే కాలం తెగదు, కానీ ఆ మధ్యరోజుల్లో జబ్బు చేస్తే కవర్ ఉండదు. రేపు కట్టొచ్చులే అనుకున్న ఆ మూడు వారాల్లోనే పక్షవాతం వచ్చి కూలబడ్డ కుటుంబాన్ని నేను చూశాను.

ఆఫీసు కవర్ సంగతి. గ్రూప్ పాలసీల్లో సాధారణంగా మొదటిరోజు నుంచే పాత జబ్బులకు కవర్ ఉంటుంది, అది దాని బలం. గ్రూప్ పాలసీకి జీఎస్టీ మాత్రం ఇంకా 18 శాతం ఉంది. సూపర్ టాప్-అప్‌లో నాన్నగారి వెయిటింగ్ పీరియడ్ గడిచేదాకా, జీతంలోంచి కోసినా సరే, మూడేళ్ళపాటు ఆఫీసు కవర్ ఉంచమంటాను. బిల్లు ఒక పాలసీని దాటితే మిగతాది రెండోదాంట్లో అడగవచ్చు. తర్వాత మానేయవచ్చు. ఆఫీసు కవర్ ఉందని సొంతది ఆపడం మాత్రం వద్దు. ఉద్యోగం పోయిన రోజే కవర్ కూడా పోతుంది, ఆ రెండు దెబ్బలూ ఒకేసారి తగిలినవాళ్ళు ఈ నగరంలో తక్కువేం లేరు.

ఆదాయపు పన్నులో ఆరోగ్య బీమాకిచ్చే 80డి మినహాయింపు గురించి కూడా అడిగారు. 60 దాటిన తల్లిదండ్రుల ప్రీమియం మీద 50,000 దాకా ఉంది, పాత పన్ను విధానంలో ఉంటేనే.

ప్రభుత్వ పథకాలను మన సాఫ్ట్‌వేర్ కుటుంబాలు పట్టించుకోవు, అది పొరపాటు. 2024 అక్టోబర్ 29 నుంచి 70 నిండిన ప్రతి ఒక్కరికీ ఆదాయంతో సంబంధం లేకుండా ఆయుష్మాన్ భారత్ కింద కుటుంబానికి ఏడాదికి 5 లక్షల కవర్ మొదలుపెట్టారు. వయో వందన కార్డు అంటారు, ఆధార్‌లో వయసు చూసి ఇస్తారు. ప్రైవేటు పాలసీ ఉన్నా తీసుకోవచ్చు. మీ నాన్నగారికి ఇంకో రెండేళ్ళు. ఆధార్‌లో పుట్టిన తేదీ సరిగ్గా ఉందో లేదో ఇప్పుడే చూడండి, మన పెద్దవాళ్ళకు చాలామందికి జూలై 1 అనో జనవరి 1 అనో ఉంటుంది, ఏడాది తప్పుంటే ఆ కార్డు ఆలస్యమవుతుంది. అయితే ఇక్కడి పెద్ద ప్రైవేటు ఆస్పత్రులన్నీ ఆ జాబితాలో ఉండవు, దాన్ని నమ్ముకొని సొంత పాలసీ వదలొద్దు.

ప్రైవేటు ఆస్పత్రే దిక్కని కూడా అనుకోవద్దు. మా అత్తగారికి స్టెంట్ వేయించింది బెంగళూరులోని ప్రభుత్వ గుండె ఆస్పత్రి జయదేవలో. క్యూ పొడవు, కూర్చోడానికి చోటుండదు, కానీ అక్కడి డాక్టర్లు ఒక్క రోజులో చూసే గుండె జబ్బులు చాలా చోట్ల వారంలో కూడా చూడరు. మెదడు, నరాలకు నిమ్హాన్స్ ఉంది, క్యాన్సర్‌కు కిద్వాయి ఉంది. వైట్‌ఫీల్డ్‌లో సత్యసాయి ఆస్పత్రి 2001 నుంచి గుండె, మెదడు ఆపరేషన్లు ఉచితంగా చేస్తోంది, మారతహళ్ళి నుంచి మీకు దగ్గరే. ముందుగా ప్లాన్ చేసుకునే ఆపరేషన్ అయితే వీటిలో ఒకచోట రెండో అభిప్రాయం తీసుకోకుండా సంతకం పెట్టొద్దు.

చివరిగా డిశ్చార్జ్ రోజు. క్యాష్‌లెస్, అంటే కంపెనీయే నేరుగా ఆస్పత్రికి కట్టే పద్ధతి, అడిగిన గంటలోపు నిర్ణయం చెప్పాలని, ఫైనల్ బిల్లు అందిన 3 గంటల్లోపు అనుమతి ఇవ్వాలని, ఆలస్యంవల్ల ఆస్పత్రి అదనంగా వేసినది కంపెనీయే భరించాలని 2024 మేలో ఐఆర్‌డీఏఐ ఆదేశించింది. అయినా డాక్టర్ ఉదయం పదింటికి "ఇంటికెళ్ళొచ్చు" అంటే మీరు బయటపడేది సాయంత్రం ఆరింటికి. చాలాసార్లు ఆలస్యం కంపెనీది కాదు. డిశ్చార్జ్ సమ్మరీ టైప్ కాలేదు, ఫార్మసీ లెక్క ముగియలేదు, బిల్లు మధ్యాహ్నం రెండింటికి గానీ పంపలేదు. కాబట్టి కౌంటర్‌లో "అప్రూవల్ వచ్చిందా" అని అడగకండి, "ఫైనల్ బిల్లు ఎన్ని గంటలకు పంపారు" అని అడగండి. పనులు ఒక్కసారిగా కదులుతాయి. బిల్లులో వాడని మందులు తిరిగి ఇచ్చినట్టు నమోదైందో లేదో కూడా చూడండి. ఆపరేషన్‌కి తెప్పించిన మందులన్నీ వాడరు, మిగిలినవి వెనక్కి పంపిన లెక్క కొన్నిసార్లు బిల్లు తర్వాత పడుతుంది.

క్లెయిమ్ అన్యాయంగా కోశారనిపిస్తే ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా, ఏడాదిలోపు ఇలాంటి ఫిర్యాదులు విచారించే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్ళవచ్చు. బెంగళూరు కార్యాలయం జేపీ నగర్ మొదటి ఫేజ్‌లో జీవన్ సౌధ భవనంలో ఉంది. 50 లక్షల దాకా వివాదాలు వింటారు, ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు. మీరు ఇక్కడే ఉంటున్నారు కాబట్టి పాలసీ మీ పేరున ఉంటే ఇక్కడే పెట్టుకోవచ్చు.

రెన్యువల్ తేదీ ఎప్పుడో మీరు రాయలేదు. 45 రోజుల కన్నా ఎక్కువ సమయం ఉంటే పోర్టబిలిటీ దారి తెరిచే ఉంది, తక్కువ ఉంటే ఈ ఏడు ఇక్కడే కట్టి సూపర్ టాప్-అప్ పని మొదలుపెట్టండి. పాలసీలో రూమ్ రెంట్, కో-పే అని ఉన్న రెండు పేజీలూ పేర్లు, నంబర్లు చెరిపేసి పంపండి. చదివి, ఉంచుకోవాలో మారాలో చెప్తాను.